స్క్రీను నల్లబడింది, నింద మా మీద పడింది



ఈ పోస్టు పొడుగ్గా ఉంటుంది. మా పోస్టులన్నీ పొడుగే అని మీకు తెలుసు కాబట్టి దానికి మళ్ళీ క్షమాపణ చెప్పడం లేదు. తెలుగులో తప్పులుంటే మాత్రం ఎప్పటిలాగే మన్నించండి. మేం చదువుకున్నది జోలార్‌పేట దగ్గర, తమిళ మాధ్యమంలో. తెలుగు మా ఇంట్లో మాట్లాడుకున్న భాష. అక్షరాలు మాత్రం రిటైరయ్యాక, మన సంఘం ఆదివారం తరగతిలో పిల్లల పక్కన కూచుని నేర్చుకున్నవి. ఇది ఒక్కరి గొడవ కాదు, అరవై దాటిన మా అందరిదీ. అందుకే "మేం" అనే రాస్తున్నాం.

పోయిన నెల మీటింగులో ఒక తమ్ముడు లేచి, "పెద్దవాళ్ళకి స్మార్ట్‌ఫోన్ క్లాసు పెడదామండీ, పాపం కాల్ కట్ చెయ్యడం కూడా రావట్లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. మంచి ఉద్దేశంతోనే అన్నాడు, అతని మీద కోపం లేదు. కానీ ఇంటికొచ్చాక ఆ మాట మింగుడు పడలేదు.

ఎందుకంటే కాల్ కట్ చెయ్యడం మాకు వచ్చు. ముప్పై ఆరేళ్ళు బుకింగ్ కౌంటర్లో కూచున్నాం. ఒక చెవికి ఫోను, ఒక చేతిలో చిల్లర, కిటికీ అవతల క్యూ, ఇంతలో తేదీ వేసే ప్రెస్సులో అట్ట టికెట్టు. అన్నీ ఒకేసారి చేశాం. ఎర్ర బటన్ ఎక్కడుందో చూపిస్తే నొక్కగలం. ఆ బటన్ కనబడకపోతే ఎక్కడ నొక్కాలి?

అసలు సంగతి ఇది. చెవి దగ్గర్నుంచి ఫోను తీశాక స్క్రీను వెలగాలి. వెలగడం లేదు. నల్లగానే ఉంటోంది. పక్క బటన్ నొక్కితే ఒక్కసారి మెరిసి మళ్ళీ ఆరిపోతోంది. అవతలివాళ్ళు పెట్టేస్తే తప్ప కాల్ ఆగదు. దీన్ని మా అజ్ఞానం కింద రాసేశారు. ఇది అజ్ఞానం కాదు, ఫోనులో రోగం. రోగానికి పేరుంది, కారణాలున్నాయి, చాలావాటికి మందు కూడా ఉంది. అది చెప్పడానికే ఈ పోస్టు.

ముందు మా పక్క టవరు పెద్దమ్మ సంగతి. ఆవిడని అడిగే రాస్తున్నాం, పేరు వద్దంది.

పెద్దమ్మ ఒకరోజు తన వియ్యపురాలితో ఫోనులో మాట్లాడింది. మనవరాలి ఓణీల ఫంక్షను గురించి. "సరే ఉంటాను వదినా" అని ఫోను టేబుల్ మీద పెట్టింది. స్క్రీను నల్లగా ఉంది. పాత బటన్ ఫోను పదేళ్ళు వాడిన మనిషి. నల్లగా ఉందంటే ఆగిపోయిందనే అనుకుంది. తర్వాత పక్కనున్న చెల్లెలితో, "వీళ్ళకి ఎంతసేపూ పెట్టుబడి లెక్కలే, పిల్ల ముచ్చట పట్టదు" అంది. అవతల ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది.

ఆ తర్వాత జరిగింది మీరే ఊహించుకోండి. కోడలు ఏడ్చింది. కొడుకు మూడు వారాలు తల్లికి ఫోను చెయ్యలేదు. చివరికి చేసినప్పుడు అన్న మొదటి మాట, "కాల్ కట్ చెయ్యడం కూడా రాదా అమ్మా?"

వెనకాల మాట అనడం తప్పే. పెద్దమ్మ కూడా ఒప్పుకుంది. కానీ ఆ మాట అనని ఇల్లు వైట్‌ఫీల్డ్‌లో ఒక్కటి చూపించండి. ప్రతి ఇంట్లోనూ అంటారు, గోడలు వింటాయి, గోడలు చేరవెయ్యవు. ఈ గోడ చేరవేసింది. గోడ చేసిన తప్పుకి ముసలమ్మ దోషి అయింది.

ఇప్పుడు ఈ స్క్రీను ఎందుకు ఆరుతుందో చూద్దాం. ఇంజనీరు పిల్లలు నవ్వకండి. మేం అడిగి, చదివి, నాలుగు ఫోన్లు చేతిలో పెట్టుకుని చూసి రాస్తున్నాం.

ఫోను పైభాగంలో, వినబడే చిల్లు పక్కన ఒక చిన్న కన్ను ఉంటుంది. దాని పేరు ప్రాక్సిమిటీ సెన్సారు. మన కంటికి కనబడని పరారుణ కాంతిని అది బయటికి పంపుతుంది. ఎదురుగా చెంప ఉంటే ఆ వెలుగు తగిలి వెనక్కి వస్తుంది. పక్కనే ఉన్న ఇంకో కన్ను దాన్ని పట్టుకుని "ఏదో దగ్గరగా ఉంది" అంటుంది. అప్పుడు ఫోను స్క్రీను ఆర్పేస్తుంది. కారణం మంచిదే. వెలిగే ఉంటే చెంప తగిలి మ్యూట్ పడుతుంది, కాల్ హోల్డులోకి పోతుంది, బ్యాటరీ కూడా ఖర్చు. చెంప తీస్తే వెలుగు వెనక్కి రాదు, "ఏమీ లేదు" అంటుంది, స్క్రీను వెలుగుతుంది. ఇంతే విద్య.

ఈ కన్ను రెండు రకాల అబద్ధాలు చెప్పగలదు. ఒకటి, ఏమీ లేకపోయినా "దగ్గరగా ఉంది" అనడం. అప్పుడు స్క్రీను నల్లగానే ఉండిపోతుంది. రెండోది, చెంప ఆనుకునే ఉన్నా "ఏమీ లేదు" అనడం. అప్పుడు స్క్రీను వెలిగే ఉండి మన చెంపే బటన్లు నొక్కేస్తుంది. నల్లటి జుట్టు ఈ పరారుణ వెలుగుని బాగా మింగేస్తుంది కాబట్టి, చెవి మీద జుట్టు పడే ఆడపిల్లలకి ఈ రెండో బాధ ఎక్కువ. మాకు జుట్టు తక్కువ, ఉన్నదీ తెలుపు. మాది మొదటి బాధ.

ఇక మా ఇంటి కథ. కాడుగోడి మార్కెట్లో మా ఆవిడ పర్సు పోయింది. లోపల ఏటీఎం కార్డు ఉంది. అక్కడే నిలబడి బ్యాంకు నంబరుకి చేశాం. "కన్నడకు ఇది నొక్కండి, ఇంగ్లీషుకు అది నొక్కండి" అని ఆ అమ్మాయి గొంతు చెబుతూనే ఉంది. చెవి దగ్గర్నుంచి తీసి చూస్తే స్క్రీను నలుపు. నొక్కడానికి అంకెలు లేవు. మేం నొక్కలేదని అది మళ్ళీ మొదట్నుంచి చెబుతుంది. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అంతే. కట్ చేసి ఇంకోచోటికి చేద్దామంటే కట్ కూడా కాదు! ఆఖరికి ఒక పూలమ్మే అమ్మాయి తన ఫోను ఇచ్చింది. దాంతో కార్డు ఆపించాం.

ఆ అరగంటలో డబ్బేమీ పోలేదు. పోలేదు కాబట్టి ఇది చిన్న విషయం అంటారా? అది కార్డు కాకుండా గుండెనొప్పి అయి, 112కి చేసి, మాట తెగి మళ్ళీ చెయ్యాల్సి వస్తే? నల్లటి అద్దం ముందు పెట్టుకుని ఎవరిని పిలవాలి?

మర్నాడు రిపేరు షాపుకి పోయాం. కుర్రాడు ఒక నిమిషం చూసి "డిస్‌ప్లే పోయింది అంకుల్, నాలుగు వేల రెండొందలు" అన్నాడు. పక్కనున్న ఇంకో షాపు "ఫోను పాతది, కొత్తది తీసుకోండి" అంది. మా అబ్బాయి ఫోనులో "నాన్నా, కొత్తది ఆర్డర్ పెడతాను" అన్నాడు. ముగ్గురూ మంచివాళ్ళే కావచ్చు. ముగ్గురిలో ఒక్కరు కూడా ఆ చిన్న కన్ను వంక చూడలేదు.

చూసింది ఇంజనీరింగు చదివే మా తమ్ముడి మనవరాలు. వచ్చి, ఫోనుని కిటికీ వెలుతురులో వంచి, "తాతయ్యా, ఈ గ్లాసు ఎక్కడ వేయించారు?" అంది. నూట యాభై రూపాయలకి వేయించిన టెంపర్డ్ గ్లాసు. చుట్టూ నల్ల అంచు ఉంటుంది చూశారా, ఆ అంచు ఒక వెంట్రుక వాసి కిందికి జరిగి సెన్సారు కన్నుని సగం మూసింది. పంపిన వెలుగు ఆ అంచుకే తగిలి వెనక్కి వస్తోంది. పాపం ఫోను రోజంతా "చెంప ఉంది, చెంప ఉంది" అనుకుంటోంది. పిల్ల గోరుతో గ్లాసు లేపేసింది, మెత్తటి గుడ్డతో తుడిచింది. స్క్రీను వెలిగింది. నాలుగు వేల రెండొందల జబ్బు తగ్గింది.

గ్లాసు వేయించింది మేమే. అడగలేదు, చూసుకోలేదు. ఆ మేరకు తప్పు మాదే, ఒప్పుకుంటున్నాం. కానీ రోజూ వంద గ్లాసులు అంటించేవాడు, అంటించాక ఒక్క కాల్ చేసి చెయ్యి అడ్డం పెట్టి చూస్తే పోయేదేముంది? పది సెకన్లు. కౌంటర్లో చిల్లర లెక్కపెట్టి ఇవ్వకపోతే మా మీద కంప్లయింటు బుక్కులో రాసేవాళ్ళు. వీళ్ళకి బుక్కు లేదు.

ఇంకొక సంగతి వినండి. మా స్నేహితుడు ఒకాయన, గార్డుగా చేసి రిటైరయ్యాడు. వాట్సాప్‌లో అమెరికా నుంచి కూతురు పంపే వాయిస్ మెసేజీలే ఆయనకి రోజువారీ టిఫిను. కొన్నాళ్ళుగా అవి వినబడడం లేదు. ప్లే నొక్కగానే గొంతు సన్నగా అయిపోయి స్క్రీను ఆరిపోతుంది. ఇంట్లోవాళ్ళు "చెవులు పోతున్నాయి" అని తేల్చి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. గదిలో కూచోబెట్టి, హెడ్‌ఫోను పెట్టి, పరీక్ష చేశారు. వయసుకి తగ్గట్టు బాగానే ఉన్నాయన్నాడు డాక్టరు.

పోయింది చెవులు కావు. వాయిస్ మెసేజి వింటుంటే ఆ సెన్సారు "దగ్గరగా ఉంది" అందనుకోండి, చెవికి పెట్టుకున్నారేమో అని వాట్సాప్ పెద్ద స్పీకరు ఆపి చిన్న చిల్లులోంచి వినిపిస్తుంది. రహస్యంగా వినడానికి అది మంచి ఏర్పాటే. ఈయన ఫోనుకి అంతకు ముందే పగిలిన డిస్‌ప్లే మార్చారు. మార్చినప్పుడు సెన్సారు చుట్టూ ఉండే చిన్న రబ్బరు సరిగ్గా కూచోలేదు. వెలుగు బయటికి పోకుండా అద్దం లోపలే చెదిరి వెనక్కి వస్తోంది. ఫోను పొరబడింది, ఇంట్లోవాళ్ళు పొరబడ్డారు, ఆయనే తనకి చెముడనుకున్నాడు. మూడు నెలలు నలుగురిలో మాట్లాడడం తగ్గించేశాడు. ఎవరైనా ఏదైనా అంటే "వినబడలేదు" అనాల్సి వస్తుందేమోనని భయం. ఒక ఆవగింజంత రబ్బరు మనిషిని మూలకి తోసేసింది.

ఇప్పుడు అసలు పోట్లాటకి వస్తున్నాం.

పెద్దమ్మ ఫోను కూడా ఆ పిల్లకే చూపించాం. గ్లాసు తీసింది, తుడిచింది, మారలేదు. సెన్సార్ల పేర్లు చూపించే యాప్ వేసి చూస్తే తేలింది ఏమిటంటే, ఆ ఫోనులో కన్నే లేదు! పరారుణ వెలుగూ లేదు, పట్టుకునేదీ లేదు. దాని బదులు సాఫ్ట్‌వేరుతో అంచనా వేస్తుంది. కొన్ని ఫోన్లు మనకి వినబడనంత సన్నటి శబ్దాన్ని చెవి స్పీకర్లోంచి పంపి మైకులో ప్రతిధ్వని వింటాయి, గబ్బిలంలాగ. కొన్ని ఫోనుని ఎత్తిన తీరు, స్క్రీను మీద తగిలిన స్పర్శ చూసి "చెవికి పెట్టుకుని ఉంటాడు" అని ఊహిస్తాయి.

ఇది కొత్త కాదు. 2016లో షావోమీ తన మీ మిక్స్ ఫోనులో, నార్వే దేశపు ఎలిప్టిక్ ల్యాబ్స్ చేసిన ఇలాంటి శబ్దం పద్ధతిని పెట్టింది. స్క్రీను అంచులు దాకా సాగాలి, కన్నుకి చోటు మిగలకూడదు, అదీ కారణం. అందం కోసం మొదలైన పద్ధతి తర్వాత చవక ఫోన్లలోకి దిగింది. ఒక భాగం తగ్గితే ఖర్చూ తగ్గుతుంది కదా. బాగా చేస్తే పని చెయ్యదని మేం అనడం లేదు. అది ఊహ అని కొనేవాడికి చెప్పలేదు, అదే మా ఫిర్యాదు. పెట్టె మీద కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళో అరచేతంత అక్షరాల్లో ఉంటుంది. చెవి దగ్గర చూసే కన్ను నిజంగా ఉందో లేదో ఎక్కడా ఉండదు. చాలాచోట్ల "ప్రాక్సిమిటీ సెన్సారు: ఉంది" అని ఒక్క మాటతో సరిపెడతారు.

"పెద్దవాళ్ళకే ఇవన్నీ" అనేవాళ్ళకి ఒక సంగతి గుర్తుచేస్తాం. 2010లో ఐఫోన్ 4 వచ్చినప్పుడు సరిగ్గా ఈ సెన్సారే గొడవ పెట్టింది. మాట్లాడుతుంటే స్క్రీను వెలిగి, చెంప తగిలి మ్యూట్ పడడం, కాల్ తెగిపోవడం. ఆ జులైలో యాంటెనా గొడవ మీద స్టీవ్ జాబ్స్ పెట్టిన మీటింగులోనే ఈ సెన్సారు సంగతి కూడా ఒప్పుకుని, సాఫ్ట్‌వేరు సరిచేస్తామన్నాడు. సెప్టెంబరులో ఐఓఎస్ 4.1తో సరిచేశారు. ఆ ఫోను కొన్నవాళ్ళకి ఎవరూ క్లాసు పెట్టలేదు. "చెంప ఎలా పెట్టుకోవాలో మీకు రాదు" అనలేదు. డబ్బున్న కుర్రవాడి ఫోను మొరాయిస్తే కంపెనీ తప్పు, పెన్షనుదారుడి ఫోను మొరాయిస్తే పెన్షనుదారుడి తప్పు. ఇదేం లెక్క?

రైల్వేలో మేం గుమస్తాలమే, సిగ్నలు వాళ్ళం కాదు. కానీ స్టేషన్లో ముప్పై ఆరేళ్ళు ఉంటే కొన్ని వంటబడతాయి. ట్రాక్ సర్క్యూట్ అని ఒకటుంది. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ అనే ఆయన పేటెంటు తీసుకున్న పద్ధతి. పట్టాల్లో కొద్దిపాటి కరెంటు పోతుంటుంది, అది ఒక రిలేని పైకి ఎత్తి పట్టుకుని ఉంటుంది. రైలు వస్తే చక్రాలు రెండు పట్టాలనీ కలిపేస్తాయి, రిలేకి కరెంటు అందదు, అది పడిపోతుంది, సిగ్నలు ఎరుపు. ఇందులో గొప్పతనం ఎక్కడుందంటే, రైలు రాకపోయినా బ్యాటరీ చచ్చినా, తీగ తెగినా, పట్టా విరిగినా కూడా రిలే పడిపోయే వీలే ఎక్కువ, అంటే ఎరుపే. యంత్రం చెడిపోతే మనిషి ప్రాణం వైపు మొగ్గి చెడిపోవాలని కట్టారు. రైలు ఆలస్యమవుతుంది, కంట్రోలు తిడతాడు, ప్యాసింజర్లు మమ్మల్ని తిడతారు. పరవాలేదు, బతికుండి తిడతారు.

మా మనవరాలు ఇక్కడ ఒక తగువు పెట్టింది. "తాతయ్యా, ఫోను కూడా అదే చేస్తోంది కదా? అనుమానం వస్తే స్క్రీను ఆర్పేస్తుంది. చెంప నొక్కకుండా కాపాడుతోంది" అంది. తెలివైన పిల్ల. రెండు రోజులు ఆలోచించాం. జవాబు ఇది. రైలు ఎరుపు దగ్గర ఆగిపోతే డ్రైవరుకి చేతిలో ఇంకా దారి ఉంది. ఫోనులో మాట్లాడవచ్చు, నియమం ప్రకారం ఎంతసేపు ఆగాలో, ఎలా జాగ్రత్తగా కదలాలో రాసి ఉంది. ఎరుపు పడింది కదా అని అతన్ని ఇంజన్లో పెట్టి తాళం వెయ్యరు. ఫోను మమ్మల్ని లోపల పెట్టి తాళం వేస్తోంది. స్క్రీను ఆరితే ఆరనీ, బయటికి వచ్చే తలుపు ఒకటి ఉండాలి. పాత ఫోనులో ఆ తలుపు ఉండేది. ఎర్ర బటన్. చీకట్లో కూడా వేలికి తగిలేది.

తమిళంలో సెల్‌ఫోనుని కైపేసి అంటారు. కై అంటే చెయ్యి, పేసి అంటే మాట్లాడేది. చేతిలో ఉండి మాట్లాడేది. ఇప్పుడు చేతిలోనే ఉంది, మాటా వినబడుతోంది, మన చెయ్యి మాత్రం దానికి అవసరం లేకుండా పోయింది.

ఇంతకీ ఆ తలుపు ఈ కొత్త ఫోన్లలో కూడా ఉంది! తెలిసి నెత్తి కొట్టుకున్నాం. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే చోట "పవర్ బటన్ నొక్కితే కాల్ ముగుస్తుంది" అనే ఏర్పాటు ఉంటుంది. కొన్నింట్లో కాల్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. అది ఆన్ చేస్తే చాలు, స్క్రీను నల్లగా ఉన్నా పక్క బటన్ నొక్కగానే కాల్ ఆగిపోతుంది. మేం చూసిన ఫోన్లలో అది మూసే ఉంది. తలుపు పెట్టి, గొళ్ళెం వేసి, తాళంచెవి అటక మీద దాచారు. పెద్దమ్మ ఫోనులో అది ఆన్ చేశాం. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు ఎవరైనా ముందే పెట్టి ఉంటే, ఒక తల్లి మూడు వారాలు కొడుకు గొంతు వినకుండా ఉండేది కాదు.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళు "ఫోను సరిగ్గా లేదు" అంటే, దయచేసి "మీరేదో నొక్కారు" అనే ముందు ఈ వరస చూడండి.

1. గ్లాసు, కవరు తీసేసి, వినబడే చిల్లు చుట్టూ మెత్తటి పొడిగుడ్డతో తుడవండి. కొబ్బరినూనె, చెమట, పౌడరు, విభూతి, కుంకుమ అన్నీ అక్కడే చేరతాయి. స్క్రీను వెలిగితే ఇది గ్లాసు జబ్బే. సెన్సారు దగ్గర కోత ఉన్న, మీ మోడలుకే చేసిన గ్లాసు వేయించండి. వేయించిన చోటే కాల్ చేసి చూసి డబ్బివ్వండి.

2. ఫోనుని ఒకసారి ఆపి మళ్ళీ పెట్టండి. అప్‌డేట్ ఉంటే చెయ్యండి. కొత్త యాప్ వేసిన దగ్గర్నుంచి మొదలైతే సేఫ్ మోడ్‌లో పెట్టి చూడండి. అక్కడ బాగుంటే తప్పు యాప్‌ది.

3. సెన్సారుని పరీక్షించండి. శాంసంగ్‌లో డయలరులో *#0*# కొడితే పరీక్షల మెనూ వస్తుంది, సెన్సార్ అనే చోట నొక్కి చిల్లు దగ్గర చెయ్యి అడ్డం పెడితే తేడా కనబడాలి. షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో *#*#6484#*#* కొట్టండి. చెయ్యి తీసినా "దగ్గర" అనే చూపిస్తే కన్నుకి జబ్బు.

4. ఫోను ఎత్తినా, రెండుసార్లు తట్టినా వెలగడం లేదంటే అదీ ఈ కన్ను పనే కావచ్చు. జేబులో పొరపాటున వెలగకుండా ఉండేందుకు చాలా ఫోన్లు వెలిగే ముందు దీన్నే అడుగుతాయి. పాకెట్ మోడ్ ఆపి చూడండి.

5. పవర్ బటన్‌తో కాల్ ముగించే ఏర్పాటు ఆన్ చెయ్యండి. జబ్బు ఉన్నా లేకపోయినా చెయ్యండి.

6. తొందర పనిలో స్క్రీను నల్లబడి అంకెలు నొక్కలేకపోతే ఇయర్‌ఫోను గుచ్చండి. మామూలుగా అప్పుడు ఫోను సెన్సారు మాట వినడం మానేస్తుంది, స్క్రీను వెలుగుతుంది. మార్కెట్లో ఆ రోజు మాకు ఇది తెలిసుంటే పూలమ్మాయిని ఇబ్బంది పెట్టేవాళ్ళం కాదు.

7. ఇవన్నీ అయ్యాకే షాపుకి పోండి. "డిస్‌ప్లే పోయింది" అంటే "సెన్సారు టెస్టు చూపించు" అనండి. ఈ మాట తెలుగులో అన్నా, కన్నడలో అన్నా, ధర తగ్గుతుంది. మేం అనుభవంతో చెబుతున్నాం.

కంపెనీలని అడగాల్సింది కూడా ఉంది. పెట్టె మీద సెన్సారు నిజమైనదా, సాఫ్ట్‌వేరుదా అని రాయాలి. పక్క బటన్‌తో కాల్ ఆపడం మొదటి రోజు నుంచే ఆన్ చేసి ఉండాలి, వద్దన్నవాళ్ళు ఆపుకుంటారు. వస్తువు నాణ్యత, ప్రమాణం తెలుసుకునే హక్కు కొనేవాడికి ఉందని 2019 వినియోగదారుల రక్షణ చట్టమే చెబుతోంది. అది 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైను నంబరు 1915. ఫిర్యాదు చెయ్యండి. ఒకరు చేస్తే గొణుగుడు, వంద మంది చేస్తే గొంతు.

బ్యాంకుల్నీ, మా పాత డిపార్టుమెంటు 139నీ కూడా వదలం. నొక్కమని చెప్పి, రెండు క్షణాల్లో "మీరు ఏమీ నొక్కలేదు" అంటే ఎలా? చెవి దగ్గర్నుంచి ఫోను తీసి, కళ్ళజోడు సర్దుకుని, అంకె వెతికి నొక్కడానికి మాకు పట్టే సమయం ఎంతో ఎవరైనా కొలిచారా?

ఇక ఆ క్లాసు సంగతి. తమ్ముడూ, క్లాసు పెట్టు. మేం వస్తాం. కానీ మొదటి వారం మాకు పాఠం వద్దు. మొదటి వారం మా ఫోన్లకి పరీక్ష పెట్టండి. వచ్చే ఆదివారం పొద్దున పదింటికి క్లబ్‌హౌసులో ఒక బల్ల వేద్దాం. మెత్తటి గుడ్డలు మేం తెస్తాం, ఆ ఇంజనీరింగు పిల్ల వస్తానంది, ఇంకో నలుగురు పిల్లలు చాలు. ఒక్కో ఫోనుకి పది నిమిషాలు. ఎవరి ఫోను బాగుందో, ఎవరిది బాగాలేదో తేలాక, అప్పుడు మిగిలిన అజ్ఞానం ఎంతో చూద్దాం. ఉన్నంతవరకు నేర్చుకుంటాం. అరవై దాటాక అక్షరాలే నేర్చుకున్నవాళ్ళం.

పెద్దమ్మ కూడా వస్తుంది. కొడుకు ఇప్పుడు రోజూ చేస్తున్నాడు. మాట అయిపోగానే పక్క బటన్ నొక్కి, ఫోను మళ్ళీ వెలిగించి, కాల్ నిజంగా ఆగిందో లేదో చూసుకుని, ఒకసారి "హలో" అని కూడా అని, జవాబు రాకపోతేనే చెల్లెలి వైపు తిరుగుతోంది.

మీ ఇంట్లో ఇలాంటివి జరిగి ఉంటే కింద రాయండి. ఫోను మోడలు కూడా రాయండి, పట్టిక తయారు చేస్తాం. పట్టికలు రాయడం మాకు బాగా వచ్చు.